సముద్రం ఒడ్డున నాలుగు గదులు వేద్దామనుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వయసు ముప్పై నాలుగు, పదేళ్లలో ఏడు ఉద్యోగాలు, మధ్యమధ్య బ్యాగు తగిలించుకుని దేశం తిరగడం. ఇప్పుడు కొత్తపట్నం దగ్గర తాతగారి స్థలం పదిహేను సెంట్లు చేతికొచ్చింది, అందులో నాలుగు గదులు వేసి సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్లకి ఇద్దామని ఉంది, ఇదైతే నీ తిరుగుడు కూడా ఒక రకంగా సాగినట్టే ఉంటుంది అన్నావు. చివర్లో "ఏ పనిలోనూ మూడేళ్లు నిలవనివాణ్ణి, ఇందులో నిలుస్తానా అన్నా?" అని అడిగావు. మిగతావాళ్లు లోన్ల గురించీ బుకింగ్ సైట్ల గురించీ బాగానే చెప్పారు. నేను నీ చివరి ప్రశ్న పట్టుకుంటాను, ఎందుకంటే పదిహేనేళ్ల కింద నాకూ ఇదే ప్రశ్న ఉండేది, అడుగుదామంటే ఎవరూ దొరకలేదు.

నాకిప్పుడు యాభై ఏడు. నెల్లూరు దగ్గర మైపాడులో, ఒడ్డుకి అర కిలోమీటరు పైన లోపలగా, సరుగుడు తోట పక్కన నాలుగు గదులు నడుపుతున్నాను, 2011 నుంచి. అంతకుముందు ఇరవై ఏళ్లు రొయ్యల గుంటలు, లారీలు, గోవాలో హోటలు, లడఖ్ దారిలో టెంట్లు, మస్కట్‌లో డ్రైవరు పని. కాలు గాలిన పిల్లి అని మా అమ్మ అనేది. అందుకే ముందుగా చెప్పేది ఇది: గదులు నడపడం తిరుగుడుకి కొనసాగింపు అనుకుని మాత్రం దిగొద్దు. తిరిగేది వచ్చినవాళ్లు. నువ్వు వాళ్లు ఎప్పుడొస్తారా అని ఇంటి దగ్గర కూర్చుంటావు. మా అక్క కూతురి పెళ్లి కడపలో అయితే తెల్లవారుజామున బయలుదేరి, అక్షింతలు వేసి, భోజనం కూడా చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను, రాత్రికి రెండు గదుల్లో మనుషులున్నారు. మొదటి మూడేళ్లు మంచం మీద పడుకుంటే రైలు కూత వినిపిస్తున్నట్టే ఉండేది, నిజంగా. ఎవరైనా లేహ్ నుంచి వచ్చామనో, అండమాన్ పోతున్నామనో చెబితే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. ఈ బాధ నీకూ వస్తుంది. వచ్చినప్పుడు పని తప్పు అనుకోవద్దు, అది కొన్నాళ్లకి సర్దుకుంటుంది, కాకపోతే మూడేళ్ల కంటే ఎక్కువే పడుతుంది.

ఇక నువ్వు చేసిన ఏడు ఉద్యోగాలు వృథా అని ఎవరో రాశారు కదా, ఆ మాట పట్టించుకోకు. నేను చేసిన ప్రతి పనీ ఈ నాలుగు గదుల్లో ఎక్కడో ఒకచోట రోజూ పనికొస్తోంది.

1992లో ఇందుకూరుపేట వైపు టైగర్ రొయ్యల గుంటల మీద రాత్రి కాపలాకి చేరాను. తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, రొయ్యలు పైకి తేలి గట్టు వారకి వస్తాయి, ఆ టైముకి నువ్వు నిద్రపోతే పొద్దున్నకి పంట పోయినట్టే. అప్పుడు అలవాటైన తెల్లవారుజాము మెలకువ ఇప్పటికీ పోలేదు. గదుల్లో పైపు పగిలినా, కరెంటు పోయినా, ఎవరికైనా కడుపునొప్పి వచ్చినా ఎక్కువగా ఆ గంటల్లోనే. 1994-95లో తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలన్నీ ఎండగట్టేశారు, మేమందరం రోడ్డున పడ్డాం. నేను హౌరా పోయే చేపల లారీ ఎక్కాను, క్లీనరుగా. దాని గురించి చెప్పడానికి పెద్దగా లేదు, దారి పొడుగునా లాడ్జీల్లో ఎన్ని మురికి బాత్రూములు ఉంటాయో చూశాను, అంతే.

గోవాలో మాత్రం నిజంగా చదువుకున్నాను. 1998 నుంచి మూడేళ్లు ఒక చిన్న హోటల్లో గదులు శుభ్రం చేసే పని. మా సూపర్‌వైజరమ్మ మంగళూరు ఆవిడ. గది అయిపోయిందని చెబితే వచ్చి చూసేది కాదు. "చెప్పులు విప్పి మంచం మీద పడుకో. ఏం కనిపిస్తుందో చెప్పు" అనేది. పడుకుంటే ఫ్యాను రెక్కల అంచున నల్లటి దుమ్ము, మూలన బూజు, కర్టెన్ పైన ఊడిన రింగు, ఏసీ కింద గోడ మీద నీటి చార, అన్నీ కళ్లముందుకొచ్చేవి. నిలబడి తుడిచేవాడికి ఇవేవీ కనపడవు. వచ్చినవాళ్లు పడుకునేగా చూస్తారు. ఈ రోజుకీ మా పిల్లోడు గది తుడిచాక నేను వెళ్లి ఐదు నిమిషాలు మంచం మీద పడుకుంటాను. తర్వాత బాత్రూములో స్టూలు వేసుకుని కూర్చుని చూస్తాను. నీ గదుల్లో నువ్వూ ఒక్కో రాత్రి పడుకో, నాలుగు గదుల్లో నాలుగు రాత్రులు, కరెంటు తీసేసి ఒక రాత్రి.

దుప్పట్ల లెక్క కూడా అక్కడే నేర్చుకున్నాను. హోటళ్లలో మంచానికి మూడు జతలంటారు: ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి అలమరలో. మన దగ్గర అది చాలదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాలకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలతో. ముసురు పట్టిందంటే నాలుగు రోజులైనా దుప్పటి ఆరదు, తడి వాసన పట్టేస్తుంది. నేను మంచానికి ఆరు జతలు పెట్టుకున్నాను. ఉప్పునీళ్లలో సబ్బు నురగ రాదు, తెల్లగుడ్డ నాలుగు ఉతుకులకి పసుపు తిరుగుతుంది, కాబట్టి ఉతికే నీళ్లు మంచివై ఉండాలి.

ఈ నీళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఒడ్డున గదులు వేసినవాళ్లు చాలామంది దెబ్బతినేది ఇక్కడే. మన తీరం ఇసుక నేలల్లో వాన నీళ్లు కిందికి దిగి ఉప్పునీటి మీద పలచగా తేలుతుంటాయి. మీ కొత్తపట్నం వైపు పాతవాళ్లు దొరువులు, అంటే ఇసుకలో లోతులేని నీటి గుంటలు, తవ్వి కడవలతో తోడి తోటలకి పోసుకున్నది ఆ పై నీళ్లే. తాతగారి స్థలంలో పాత దొరువు ఉందేమో అడుగు. ఇప్పుడు మనం ఏం చేస్తామంటే, లోతుగా బోరు వేసి పెద్ద మోటారు పెట్టి ఒక్కసారే ట్యాంకు నింపుతాం, అప్పుడు కింద ఉన్న ఉప్పునీళ్లు పైకి లాక్కొచ్చేస్తాయి. నేను మొదటి ఏడాది సరిగ్గా ఇదే చేశాను. ఏప్రిల్ వచ్చేసరికి షవరు కింద నిలబడినవాళ్లు "ఏందయ్యా, సముద్రంలో స్నానం చేసొచ్చి మళ్లీ సముద్రంలోనే చేస్తున్నాం" అన్నారు. ఆ బోరు వదిలేసి, తక్కువ లోతులో ఫిల్టర్ పాయింటు (అడుగున జల్లెడ ఉన్న గొట్టం) వేసి, చిన్న మోటారుతో పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తోడుతున్నాను. మిద్దె మీద వాన నీళ్లన్నీ ఇసుకలోకే వదులుతాను. మే నెలలో ఎలాగూ ట్యాంకరు తప్పదు, ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకో. తీరానికి దగ్గర్లో నీళ్లు తోడడం మీద కూడా ఆంక్షలున్నాయి, అవి కనుక్కున్నాకే బోరు మాట.

నీళ్లు అయ్యాక గాలి. ఉప్పుగాలికి ఇనుము నిలవదు. నేను వేసిన ఇనప మడతబందులు పద్నాలుగు నెలలకి పొరలు పొరలుగా రాలిపోయాయి, తలుపు ఊడి చేతికొచ్చింది. ఇత్తడివి వెయ్యి, స్క్రూలు కూడా మంచి స్టీలువి వెయ్యి. ఏసీ బయట యూనిట్ సముద్రం వైపు గోడకి పెట్టొద్దు, పడమటి వైపు పెట్టు, నెలకోసారి మంచినీళ్లతో కడిగించు.

మస్కట్‌లో నేను 2005 నుంచి ఐదేళ్లు ఉన్నాను. వెళ్లే ముందు మా అమ్మ నెల్లూరు రొట్టెల పండగలో, బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో, నాకు ఉద్యోగం రావాలని మొక్కుకుని ఉద్యోగ రొట్టె పట్టింది. అక్కడ 2007 జూన్‌లో గోను తుఫాను వచ్చింది. ఆ ఊరి వాళ్లు అంత వాన ఎప్పుడూ చూడలేదు, ఎండిపోయిన వాగులన్నీ ఒక్కసారిగా పారాయి. మేమున్న కింది అంతస్తులో నీళ్లు గోడ మధ్యదాకా వచ్చాయి. నీళ్లు తీశాక ఇల్లు నిలబడే ఉంది కానీ కింద బిగించిన స్విచ్ బోర్డులూ వైరింగూ మొత్తం పోయాయి. అది చూశాను కాబట్టే మైపాడులో బేస్‌మెంటు నాలుగు అడుగులు లేపాను, ప్లగ్గులన్నీ ఛాతీ ఎత్తులో పెట్టించాను. మేస్త్రీ చాలా వాదించాడు, చూడ్డానికి బాగుండదని. 2021 నవంబరులో పెన్నకి వరదొచ్చినప్పుడు నేషనల్ హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, మా వైపు రోడ్ల మీదా నీళ్లే. మా దగ్గర రెండు కుటుంబాలు ఇరుక్కున్నాయి, ఒకటి బెంగళూరు నుంచి, చంటిపిల్లతో. వాకిట్లో మోకాలి లోతు నీళ్లు, గదుల్లోకి చుక్క రాలేదు. మూడు రోజులు కరెంటు లేదు. మా ఆవిడ పొయ్యి మీద అన్నం, పప్పుచారు వండింది, పిల్లకి పాలు పక్కనున్న జాలర్ల పాళెంలో మేకలున్న వాళ్లింటి నుంచి తెచ్చాం. ఆ మూడు రోజులకి గది అద్దె తీసుకోలేదు. ఆ కుటుంబం ఇప్పటికి నాలుగుసార్లు వచ్చింది, వాళ్లు చెప్పి పంపినవాళ్లు ఇంకో పదిమంది వచ్చారు. అలా జరుగుతుందని చేసింది కాదది, దారి లేక ఆగిపోయిన మనిషి దగ్గర అద్దె ఎలా తీసుకుంటాం.

ఇప్పుడు అసలు మాట. నీ ప్రశ్నలో నీ భార్య గురించి ఒక్క ముక్క లేదు. అడిగావా ఆ అమ్మాయిని? గదులు పెట్టేది మగవాడు, నడిపేది ఇంటి ఆడవాళ్లు, నేను చూసినచోటల్లా అంతే. మొదటి ఏడాది నేను రాత్రి పదింటికి వచ్చినవాళ్లకి కూడా "భోజనం పెడతాం సార్" అని మాటిచ్చేసేవాణ్ణి, ఇంట్లో అడక్కుండానే. రెండుసార్లు తను లేచి వండింది. మూడోసారి వంటగదికి తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టి పడుకుంది. ఒక్క మాట అనలేదు. ఇరవై ఏళ్లు నేను ఊళ్లు పట్టుకుని తిరిగినన్నాళ్లూ అత్తమామల్నీ పిల్లల్నీ చూసుకున్న మనిషి ఆమె. తిరిగొచ్చి నేను ఆమె ఇంటిని హోటలు చేసేశానని ఆ రాత్రి అర్థమైంది. అప్పట్నుంచి భోజనం కావాలంటే సాయంత్రం నాలుగింటిలోపు చెప్పాలి, వండటానికి పాళెం నుంచి ఒకమ్మ వస్తుంది, భోజనాల డబ్బు మొత్తం మా ఆవిడ ఖాతాలోకి పోతుంది. నువ్వు ప్లాను గీయకముందే ఈ లెక్క తేల్చుకో.

డబ్బు సంగతి దాచకుండా చెబుతాను. నాలుగు గదులంటే ఏడాదికి 1,460 గది-రాత్రులు. అందులో నాకు నిండేది మూడోవంతు. క్రితం ఏడాది 490. సగటున 1,700 వచ్చింది, అంటే 8 లక్షల 33 వేలు. జీతాలు ఇద్దరికి 2 లక్షల 40 వేలు, కరెంటు 95 వేలు, సైట్ల కమీషను 60 వేలు, రిపేర్లు, రంగులు, పరుపులు కలిపి 1 లక్షా 40 వేలు, ఉతుకు, సబ్బులు, నీళ్లు, గ్యాసు 70 వేలు. మిగిలింది 2 లక్షల 28 వేలు. భోజనాల మీద ఇంకో లక్షా ఇరవై. నాకు అద్దె లేదు, అప్పు లేదు, పిల్లలు స్థిరపడ్డారు, కాబట్టి హాయిగా సరిపోతుంది. నువ్వు 30 లక్షలు పది శాతం వడ్డీకి తెస్తే వడ్డీ ఒక్కటే ఏడాదికి 3 లక్షలు. అందుకే నాలుగొద్దు, రెండు గదులు వెయ్యి. పునాది మాత్రం నాలుగింటికి వేసుకో. మీ భార్యాభర్తల్లో ఒకరి ఉద్యోగం రెండేళ్లపాటు కదపొద్దు.

సీజను అంటే ఏంటో లడఖ్ దారిలో నేర్చుకున్నాను. మనాలి–లేహ్ దారిలో సర్చు అనే చోట, 4,200 మీటర్ల పైన టెంట్లలో వంటకి సాయంగా మూడు వేసవులు చేశాను. ఆ దారి ఏడాదిలో కొన్ని నెలలే తెరిచి ఉంటుంది, ఆ కొన్ని నెలల్లో సంపాదించిందే ఏడాదంతా తినాలి, అక్కడివాళ్లు ఒక్క రూపాయి కూడా తొందరపడి ఖర్చుపెట్టరు. మనకి శని, ఆదివారాలు, సంక్రాంతి, వేసవి సెలవులు, రొట్టెల పండగ. ఆ పండగ మొహర్రంతో పాటు ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది, క్యాలెండరు చూసుకుని గదులు ఆపి పెట్టుకోవాలి. ఆ రోజుల్లో నేను రేటు పెంచను, వాళ్లు మొక్కు మీద వస్తారు. వారం మధ్యలో మా గదులు నింపేది టూరిస్టులు కాదు, రొయ్యల మేత కంపెనీల వాళ్లు, హేచరీ టెక్నీషియన్లు, కృష్ణపట్నం వైపు కాంట్రాక్టు పనులకి వచ్చే ఇంజనీర్లు. వాళ్లకి సముద్రం అక్కర్లేదు, వేడినీళ్లు, పొద్దున ఆరింటికి టిఫిను, మంచి ఫోన్ సిగ్నలు చాలు. నీకు చీమకుర్తి గ్రానైటు కొనడానికి వచ్చేవాళ్లు ఒంగోలులో దిగుతారు, వాళ్లని ఇద్దరు ముగ్గుర్ని పట్టుకో.

వేసవిలో ఒక చిక్కుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. సరిగ్గా సెలవుల్లో జనం వచ్చి "వంజరం ఉందా, చందువ ఉందా" అంటారు. లేదని చెప్పు. ఐసులో పెట్టిన పాత చేప తాజాదని పెట్టొద్దు, ఒక్కసారి పెడితే పేరు పోతుంది. మేము అప్పుడు గుంట రొయ్యలు, కొరమీను వండుతాం. పులుసైతే మట్టిదాకలో సాయంత్రమే పెట్టి, పుల్ల మామిడి ముక్కలు వేసి, మర్నాడు పొద్దున దోశల్లోకి ఇస్తాం. అనంతపురం, కడప నుంచి వచ్చేవాళ్లు ఆ పులుసు కోసం మళ్లీ వస్తారు.

సముద్రం దగ్గర మాత్రం మొహమాటపడొద్దు. 2014లో ముగ్గురు కుర్రాళ్లు మా దగ్గర దిగి, వద్దన్నా వినకుండా తాగి సాయంత్రం నీళ్లలోకి దిగారు. అలలు విరుగుతున్నచోట వదిలేసి, మధ్యలో నున్నగా, ప్రశాంతంగా కనిపించే చోట దిగారు. లోపలికి లాగే ప్రవాహం ఉండేది అక్కడే. పాళెం కుర్రాళ్లు పడవ తాడూ ట్యూబూ పట్టుకుని దూకి ముగ్గుర్నీ లాక్కొచ్చారు. మూడోవాడు చాలాసేపు మాట్లాడలేదు, వాడి చెయ్యి నా చేతిలో చల్లగా ఉంది, ఆ చల్లదనం నాకు ఇప్పటికీ తెలుస్తుంది. ఇప్పుడు వచ్చిన ప్రతివాళ్లనీ ఒడ్డుకి తీసుకెళ్లి ఆ నున్నటి చోటు వేలుపెట్టి చూపిస్తాను. లాగితే ఎదురీదొద్దు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదమని చెబుతాను. చీకటిపడ్డాక నీళ్లలోకి దిగకూడదు. ఒప్పుకోనివాళ్లకి డబ్బు వెనక్కిచ్చి పంపించేశాను, అలా చాలాసార్లు జరిగింది. లారీ ట్యూబు, యాభై గజాల తాడు వరండాలో ఎప్పుడూ వేలాడుతుంటాయి.

ఆ పాళెం కుర్రాళ్లు మనకోసం దూకాలంటే మనం పాళెంతో మంచిగా ఉండాలి. పడవలు లాగేచోట కార్లు ఆపనివ్వకు, వలలు ఆరేసినచోట ఫొటోలకి తొక్కనివ్వకు. పెద్దలు ఏదైనా దురాయి (ఊరి కట్టుబాటు) పెడితే అది నీకూ వర్తిస్తుంది. పనికి మనుషుల్ని అక్కడినుంచే పెట్టుకో.

కాగితాల మాట క్లుప్తంగా. ముందు నీ స్థలం పోటు గీతకి, అంటే పోటు మీద నీళ్లు వచ్చే హద్దుకి, ఎంత దూరమో కొలిపించు. 2019 తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం జనసాంద్రత బాగా ఎక్కువున్న పల్లెల్లో 50 మీటర్లు, మిగతా పల్లెల్లో 200 మీటర్ల లోపల కొత్త కట్టడాలు కుదరవు. ఆ తర్వాత 500 మీటర్ల దాకా కూడా అనుమతి చూసుకోవాలి. మీ ఊరు ఏ కోవలోకి వస్తుందో తీర మ్యాపులో చూపించుకో, పక్కవాడు కట్టాడు కదా అని కట్టొద్దు. వంట చేసి అమ్మితే ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషను కావాలి. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ రిజిస్ట్రేషను అక్కర్లేదు, సైట్ల ద్వారా వచ్చే గదుల మీద పన్ను వాళ్లే కడతారు. విదేశీయులు దిగితే 24 గంటల్లో వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకి పంపాలి. పెద్దవాళ్లందరి గుర్తింపు కార్డులూ తీసుకో, ఎంత తెలిసినవాళ్లయినా సరే.

నిలుస్తావా అని అడిగావు కదా. నేను చూసినంతలో పనులు మారినవాళ్లు రెండు రకాలు. పని నేర్చుకోవడం అయిపోగానే విసుగొచ్చి వదిలేసేవాళ్లు కొందరు, పై మనిషితో పడక వదిలేసేవాళ్లు కొందరు. మొదటివాళ్లకి ఇందులో పర్వాలేదు, ఉప్పూ వానా మనుషులూ ఏటా కొత్తది ఒకటి నేర్పిస్తూనే ఉంటాయి. రెండోవాళ్లకి కష్టం, ఇక్కడ వారానికి పదిమంది పై మనుషులు దిగుతారు. నువ్వు ఏ రకమో నాకు తెలియదు. అది తెలుసుకోవడానికి ఇల్లు కట్టి చూడక్కర్లేదు. నవంబరులో, ముసురు పట్టే రోజుల్లో, పది రోజులు మా దగ్గరకి రా. నీ భార్యని కూడా తీసుకురా, ఆ అమ్మాయి మా ఆవిడతో మాట్లాడుకోవాలి. జనవరిలో మాత్రం రావొద్దు, అప్పుడు గాలి చల్లగా ఉంటుంది, గదులు నిండి ఉంటాయి, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. తడి దుప్పట్లు, మూడు ఖాళీ గదులు, రాత్రి రెండింటికి మోగే ఫోను, ఇవన్నీ ఉన్నప్పుడు రా. గదికి డబ్బు తీసుకోను, పొద్దున నాలుగింటికి లేపుతాను.